విడిపోయే ముందు కణం ఎన్నిసార్లు ఆగుతుంది?

మిరపకు 24. ప్రకాశం జిల్లా దర్శి పొలాల్లో ఇప్పుడు వేసే అమెరికన్ పత్తికి 52, తాతల నాటి దేశవాళీ పత్తికి 26. వంటింటి ఉల్లిపాయకు 16. మనిషికి 46. ఒక్కో కణంలో ఉండే క్రోమోజోముల లెక్క ఇది. నారుమడిలో మిరప విత్తనం వేరు తన్నినా, ఆ నారు నాటే మనిషి వేలికి తెగిన గాయం మానినా లోపల జరిగే పని ఒకటే. కణం తన డీఎన్‌ఏ మొత్తాన్ని ఒక్కసారి, ఒకే ఒక్కసారి నకలు తీసుకుంటుంది. తర్వాత రెండు కణాలుగా విడిపోతుంది. 46 ఉన్న కణం నుంచి రెండువైపులా 46 చొప్పునే రావాలి. 45 రాకూడదు, 47 రాకూడదు.

పెద్దవాళ్ల శరీరంలో రోజుకు సుమారు 33 వేల కోట్ల కొత్త కణాలు పుడతాయని అంచనా. అంటే సెకనుకు 38 లక్షలు. ఒక్కో విభజనకు నకలు తీయాల్సిన డీఎన్‌ఏ అక్షరాలు 640 కోట్లు. నకలు తీసే ఎంజైము లక్ష అక్షరాలకు ఒకటి చొప్పున తప్పు రాస్తుంది. అలాగే వదిలేస్తే ప్రతి విభజనకూ 64 వేల తప్పులు మిగలాలి. ఆ ఎంజైమే వెనక్కి తిరిగి దిద్దుకుంటుంది కాబట్టి తప్పు కోటికి ఒకటికి తగ్గుతుంది. 64 వేలు 640 అవుతాయి. వెనకాలే వచ్చే మరమ్మతు ప్రొటీన్లు దాన్ని వంద కోట్లకు ఒకటికి, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువకు దించుతాయి. చివరికి మిగిలేవి అరడజను, లేదా అవీ ఉండవు.

ఇది అక్షరదోషాల సంగతి. అసలు కష్టం తెగిపోవడంతో వస్తుంది. ఏ రోగమూ లేని మనిషిలో కూడా ఒక్కో కణం డీఎన్‌ఏకు రోజుకు పదివేల సంఖ్యలో చిన్నాపెద్దా దెబ్బలు తగులుతాయి. ఒంట్లోని నీరూ వేడీ కొన్నింటికి కారణం. మనం పీల్చే ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు మరికొన్నింటికి కారణం. రోజంతా గట్టి ఎండలో ఉన్న చర్మకణానికి అతినీలలోహిత కిరణాల దెబ్బలే లక్ష దాకా తగలొచ్చు. వైశాఖంలో దర్శి ఎండ ఎరిగినవాళ్లకు ఈ అంకె అతిగా అనిపించదు. వీటిలో చాలావరకు ఒక పోగుకే తగులుతాయి కనుక రెండో పోగును చూసి సరిచేసుకోవచ్చు. రెండు పోగులూ ఒకేచోట తెగడం మాత్రం ప్రమాదం. ఒక్కో విభజన చక్రంలో అలాంటివి 10 నుంచి 50 దాకా వస్తాయని అంచనా. ఒక గ్రే (వికిరణం కొలిచే యూనిట్) మోతాదు ఎక్స్‌రేలు పడితే ఇంకో 20 నుంచి 40 చేరతాయి.

రసాయనాలూ ఈ లెక్కలోకి వస్తాయి. గుంటూరు, ప్రకాశం పత్తి రైతుకు 1980లు చెరిగిపోని దశాబ్దం. తెల్లదోమ వచ్చింది, వెనకే శనగపచ్చ పురుగు వచ్చింది. మందు మీద మందు కొట్టారు. అయినా 1987-88లో పంట చేతికి రాలేదు, అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ దశాబ్దం చివర్లోనూ 1990ల మొదట్లోనూ హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం జెనెటిక్స్ సంస్థకు చెందిన డి.ఎస్. రూప, పి.పి. రెడ్డి, ఓ.ఎస్. రెడ్డి పత్తి చేలల్లో మందు కొట్టేవాళ్ల రక్తం మీద వరుసగా పరిశోధన పత్రాలు ప్రచురించారు. మందు కొట్టేవాళ్ల తెల్లరక్తకణాల్లో తెగిన, తప్పుగా అతుక్కున్న క్రోమోజోములు ఎక్కువగా కనిపించాయి. ఆ పత్రాల్లో ఒకటి క్రోమోజోముల దెబ్బలతో ఆగలేదు. కణాలు విభజన చక్రాన్ని ఎంత వేగంగా తిరుగుతున్నాయి, నూటికి ఎన్ని విభజనలో ఉన్నాయి అన్నవాటినీ కొలిచింది. దెబ్బ ఎంత తగిలిందన్నది ఒక ప్రశ్న. ఆ దెబ్బకు కణం ఏం చేసిందన్నది ఇంకో ప్రశ్న. నాకు రెండోదే ముఖ్యమనిపిస్తుంది.

ఆ పరీక్ష ఎలా చేస్తారో కాస్త దగ్గరగా చూడాలి. రక్తంలో తిరిగే లింఫోసైట్లు మామూలుగా విభజన చెందవు, నిద్రలో ఉంటాయి. రాజ్మా గింజల నుంచి తీసిన ఒక ప్రొటీన్ కలిపితే మేలుకుని చక్రంలోకి దిగుతాయి. 37 డిగ్రీల వేడిలో 48 నుంచి 72 గంటలు పెంచుతారు. చివరి గంటల్లో కోల్చిసిన్ గానీ, దానికి దగ్గరి మందు గానీ వేస్తారు. మన అడవినాభి దుంపలోనూ గింజలోనూ ఉండే విషమే ఈ కోల్చిసిన్. అది పడగానే కణాలు విభజన మధ్యలో, క్రోమోజోములు బాగా చుట్టుకుని పొట్టిగా మందంగా ఉన్న దశలో ఆగిపోతాయి. గాజుపలక మీద పరిచి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో మనిషికి వంద కణాల చొప్పున లెక్కపెడతారు. ఇందులో ఒక విశేషం ఉంది. కోల్చిసిన్ కణాన్ని పట్టి ఆపదు. అది క్రోమోజోములను లాగే దారాలను కట్టుకోనివ్వదు, అంతే. దారాలు లేవని గమనించి ఆగేది కణమే. శాస్త్రవేత్తలు వాడుకునేది కణం సొంత కాపలానే.

1970 జనవరి, రెండు కేంద్రకాలు

కణం తనంతట తాను ఆగగలదని మనిషి కణాల్లో స్పష్టంగా చూపినవారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు ఒక తెలుగువాడిది. ఆయన పోటు నరసింహారావు. పరిశోధన పత్రాల మీద పోటు ఎన్. రావు అని ఉంటుంది. అమెరికా వెళ్లి స్థిరపడి, హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో చాలాకాలం పనిచేశారు. రాబర్ట్ జాన్సన్‌తో కలిసి ఆయన 1970 జనవరిలో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగం ఈనాటికీ కణశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఉంది. మన ఇంటర్, డిగ్రీ విద్యార్థుల్లో ఎంతమంది ఆ పేరు విన్నారో తెలియదు కానీ, వినిపించాల్సిన పేరు.

ఆ ప్రయోగం అర్థం కావాలంటే చక్రంలోని గంటలు తెలియాలి. వాళ్లు వాడిన హీలా అనే మనిషి క్యాన్సర్ కణాలకు ఒక చక్రం పూర్తవడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. మొదటి దశ జీ1, సుమారు పది గంటలు. కణం పెరుగుతుంది, విభజన చెందాలా వద్దా అన్నది తేల్చుకుంటుంది. తర్వాత ఎస్ దశ, ఏడెనిమిది గంటలు. డీఎన్‌ఏ నకలు తీసేది ఇక్కడే. తర్వాత జీ2, మూడు నాలుగు గంటల విరామం. చివరిది ఎం, అసలు విభజన. దానికి పట్టేది గంటే. కళ్లకు కనిపించేదంతా ఆ ఒక్క గంటలోనే ఉంటుంది.

రావు, జాన్సన్ ఒక్కో దశలో ఉన్న కణాలను విడివిడిగా సిద్ధం చేసుకున్నారు. ఇదే పెద్ద పని. గిన్నెలోని లక్షల కణాలు తలా ఒక దశలో ఉంటాయి, వాటన్నింటినీ ఒకే దశకు తేవాలి. అధిక పీడనంలో నైట్రస్ ఆక్సైడ్ వాయువు పెడితే కణాలు ఎం దశలో కూడుకుంటాయని, వాయువు తీసేస్తే హాని లేకుండా ముందుకు సాగుతాయని రావు 1968లో ‘సైన్స్’ పత్రికలో చూపారు. ఇలా సిద్ధం చేసిన రెండు వేర్వేరు దశల కణాలను సెండై వైరస్ సాయంతో ఒకదానితో ఒకటి కలిపేశారు. ఆ వైరస్ రోగం తేకుండా ముందే అతినీలలోహిత కాంతితో చంపారు. దాని పైపొరకు కణాలను అంటించే గుణం మాత్రం మిగులుతుంది. ఇప్పుడు ఒకే కణద్రవంలో రెండు కేంద్రకాలు ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో దశలో. ఏది ఏ కణం నుంచి వచ్చిందో తెలియడానికి ఒకదానికి ముందే రేడియోధార్మిక గుర్తు పెట్టారు.

ఎస్, జీ1 కలిపితే జీ1 కేంద్రకం తన వంతు రాకముందే నకలు మొదలుపెట్టింది. నకలు మొదలుపెట్టించే పదార్థం ఏదో ఎస్ కణద్రవంలో ఉందన్నమాట. ఎస్, జీ2 కలిపితే జీ2 కేంద్రకం మళ్లీ నకలు తీయలేదు. ఒకసారి తీసినదాన్ని రెండోసారి తీయకూడదన్న నియమం ఆ కేంద్రకంలోనే ఉంది. అంతేకాదు, తన పని పూర్తిచేసుకుని విభజనకు సిద్ధంగా ఉన్న ఆ జీ2 కేంద్రకం విభజనలోకి వెళ్లలేదు. పక్కనున్న ఎస్ కేంద్రకం నకలు పూర్తయ్యేదాకా గంటల తరబడి ఆగింది. తర్వాత రెండూ కలిసి విభజనలోకి వెళ్లాయి.

ఈ విషయం దగ్గర కాసేపు నిలవాలి. ఆ జీ2 కేంద్రకంలో లోపం లేదు. అయినా ఆగింది. ‘పని ఇంకా మిగిలి ఉంది’ అన్న సంకేతం కణమంతటికీ చేరుతోందని దీన్నిబట్టి తేలింది. ఆ సంకేతం పంపేది ఎవరో గట్టిగా తెలియడానికి మరో 48 ఏళ్లు పట్టింది. నకలు సాగుతున్నంతసేపూ ఏటీఆర్ అనే ఎంజైము చురుగ్గా ఉంటుందని, విభజనకు తోసే సీడీకే1 ఎంజైమును అది తలెత్తనివ్వదని, నకలు ముగియగానే ఆ పట్టు సడలుతుందని 2018లో వచ్చిన పరిశోధనలు చూపాయి.

ఎం దశ కణాన్ని మరే దశ కణంతో కలిపినా, ఆ రెండోదాని క్రోమోజోములు బలవంతంగా చుట్టుకుపోయాయి. జీ1వి ఒంటి పోగులుగా, జీ2వి జంట పోగులుగా, ఎస్‌లో ఉన్నవి పొడిపొడిగా కనిపించాయి. నకలు సగంలో ఉండగా విభజనలోకి తోస్తే ఏమవుతుందో ఆ పొడి చెబుతుంది. కణం అన్నిసార్లు ఎందుకు ఆగుతుందో ఒక్క చిత్రంతో చెప్పమంటే ఆ చిత్రమే చూపించాలి. రావు ఆ దృశ్యాన్నే ఒక కొలబద్దగా మార్చారు. ఎక్స్‌రేలు పడిన కణం విభజనకు రాకముందే దాని క్రోమోజోముల్లో ఎన్ని తెగాయో లెక్కపెట్టే పద్ధతిని 1974లో వాల్టర్ హిటెల్‌మన్‌తో కలిసి ప్రచురించారు. 1979లో ప్రసాద్ సుంకర, డేవిడ్ రైట్‌లతో కలిసి మరో పని చేశారు. విభజనలో ఉన్న మనిషి కణాల రసాన్ని కప్ప అండకణంలోకి ఎక్కిస్తే ఆ కప్ప క్రోమోజోములూ చుట్టుకుపోయాయి. మనిషికీ కప్పకూ విభజన ఆజ్ఞ ఒకటేనని దాంతో తెలిసింది.

చెక్‌పాయింట్ (తనిఖీ) అన్న ఆలోచనకు శాస్త్రంలో స్థిరమైన రూపు ఇచ్చింది లీలాండ్ హార్ట్‌వెల్, టెడ్ వైనర్ట్. ఈస్ట్‌లో ఆర్‌ఏడీ9 అనే జన్యువు పాడైతే, డీఎన్‌ఏ తెగినా కణం ఆగకుండా విభజన చెంది చచ్చిపోతోందని 1988లో చూపారు. అదే కణాన్ని మందుతో కాసేపు ఆపి పెడితే తెగినవి బాగుచేసుకుని చాలావరకు బతికింది. మరమ్మతు సరంజామా అంతా ఉంది, లేనిది వ్యవధి మాత్రమే. 2001 నోబెల్ బహుమతి హార్ట్‌వెల్‌కు, టిమ్ హంట్, పాల్ నర్స్‌లతో కలిపి వచ్చింది.

ఒక్కో చోట ఒక్కో కంత

పాఠ్యపుస్తకాల్లో ఈ తనిఖీలను బొమ్మ గీసి, జీ1 చివర ఒకటి, ఎస్‌లో ఒకటి, జీ2 చివర ఒకటి, ఎం మధ్యలో ఒకటి అని చూపిస్తారు. చదివినవాళ్లకు ఒక్కోటి దానంతటది సంపూర్ణమైన కాపలా అనిపిస్తుంది. కొలిచి చూస్తే అలా లేదు. ప్రతిదానికీ ఒక లోపం ఉంది, ఆ లోపం ఒక్కోచోట ఒక్కోలా ఉంది. జన్యురాశి నిలబడుతున్నది ఒకదాని లోపాన్ని ఇంకొకటి కాచుకోవడం వల్ల.

జీ1 సంగతి చూద్దాం. డీఎన్‌ఏ రెండు పోగులూ తెగితే ఏటీఎం అనే ఎంజైము నిమిషాల్లో మేలుకుంటుంది. అది రెండు దారుల్లో పనిచేస్తుంది. ఒక దారి త్వరితం: సీడీసీ25ఏ అనే ప్రొటీన్‌ను నాశనం చేయించి, నకలు మొదలవకుండా అడ్డుపడుతుంది. రెండో దారి నిదానం, కానీ గట్టిది. ఆ దారిలో ఉన్నది పీ53. మామూలు రోజుల్లో పీ53 పుట్టిన ఇరవై నిమిషాలకల్లా సగం నాశనమైపోతుంటుంది. ఎండీఎం2 అనే ప్రొటీన్ దాన్ని ఎప్పటికప్పుడు చెత్తలోకి పంపిస్తుంటుంది. దెబ్బ తగిలాక ఆ నాశనం ఆగుతుంది, పీ53 పోగుపడుతుంది, పీ21 అనే మరో ప్రొటీన్‌ను తయారు చేయిస్తుంది. చక్రాన్ని తోసే ఎంజైములను పట్టి ఆపేది ఆ పీ21. ఈ తతంగమంతా పూర్తిగా బిగుసుకోవడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. ఈలోగా జీ1 చివర్లో ఉన్న కణాలు కొన్ని తెగిన డీఎన్‌ఏతోనే ఎస్‌లోకి జారిపోతాయి. జీ1 తనిఖీ నమ్మకమైనదే, కానీ ఆలస్యంగా మూసుకుంటుంది.

జారిపోయిన కణాన్ని ఎస్ దశ ఆపదు, నెమ్మదింపజేస్తుంది. మనిషి కణంలో నకలు ఒకచోట మొదలవదు. 30 వేల నుంచి 50 వేల చోట్ల మొదలవుతుంది, అన్నీ ఒకేసారి కాకుండా విడతలుగా. ఎక్కడైనా నకలు ఇరుక్కుంటే ఏటీఆర్, దాని వెనక సీహెచ్‌కే1 ఎంజైము కొత్త చోట్ల మొదలవకుండా పట్టుకుంటాయి. ఇప్పటికే నడుస్తున్నవి కూలిపోకుండా కాస్తాయి.

జీ2 చివర తనిఖీ జీ1కి సరిగ్గా ఎదురు. ఇది చప్పున మూసుకుంటుంది. అదే ఏటీఎం, ఏటీఆర్. అవే సీహెచ్‌కే1, సీహెచ్‌కే2. సీడీకే1ను విడిపించే సీడీసీ25 ప్రొటీన్లను అవి అడ్డుకుంటాయి, సీడీకే1ను కట్టి ఉంచే వీ1 ఎంజైము పని సాగనిస్తాయి. కానీ ఈ తనిఖీ చివరి తెగుడు కూడా అతుక్కునేదాకా ఉండదు. 10 నుంచి 20 దాకా మిగిలి ఉండగానే కణాన్ని విభజనకు వదిలేస్తుందని జర్మనీలో మార్కస్ లోబ్రిష్, ఇంగ్లండులో పెన్నీ జెగ్గో బృందాలు 2007 ప్రాంతంలో కొలిచి చూపాయి. త్వరగా మూసుకునేది త్వరగానే తెరుచుకుంటోంది.

ఇక ఎం దశ. నకలు పూర్తయిన 46 క్రోమోజోముల్లో ఒక్కోదానికి రెండు చొప్పున 92 కైనెటోకోర్లు ఉంటాయి. కణం రెండు కొసల నుంచి వచ్చే దారాలు పట్టుకునేది ఈ ప్రొటీన్ల కట్టలనే. ప్రతి జంటకూ ఒకటి ఇటు, ఒకటి అటు తగులుకోవాలి. రెండువైపులా లాగిన తాడులా జంట మధ్య బిగువు రావాలి. దారం తగలని కైనెటోకోర్ దగ్గర ఎంఏడీ2, బీయూబీఆర్1 వంటి ప్రొటీన్లు ఒక అడ్డుకట్టను తయారుచేసి కణమంతటికీ పంపిస్తుంటాయి. 92లో 91 తగులుకున్నా చాలదు. కాన్లీ రీడర్ బృందం 1994లో పొటొరూ అనే చిన్న కంగారూ జాతి జంతువు మూత్రపిండ కణాలు 126 విభజన చెందడాన్ని ఫిల్ము తీసింది. ఒక్క కైనెటోకోర్ మిగిలినా కణం ఆగింది. చివరిది తగులుకున్నాక సగటున 23 నిమిషాలకు క్రోమోజోములు విడిపోయాయి. అంతకుముందు ఎంతసేపు ఎదురుచూసినా, ఆ 23 నిమిషాలు దాదాపు మారలేదు. మరుసటి ఏడు ఆ చివరి కైనెటోకోర్‌ను లేజరుతో కాల్చేశారు. తగులుకోవాల్సింది ఏదీ మిగలకపోవడంతో కణం విభజన పూర్తిచేసుకుంది. ఆపుతున్నది ఆ ఒక్కటేనని అలా నిరూపణ అయింది.

ఇంత పట్టుదల ఉన్న ఎం తనిఖీకి కూడా కనిపించనిది ఒకటుంది. అది కైనెటోకోర్లనే లెక్కపెడుతుంది. క్రోమోజోము తెగి, కైనెటోకోర్ లేని ముక్క ఒకటి పక్కన తేలుతుంటే దాని లెక్కలోకి రాదు. ఆ ముక్కకు దారం తగలదు, తగల్లేదని చెప్పేవాళ్లూ ఉండరు. విభజన అయ్యాక అది ఏ కేంద్రకంలోనూ చేరక, పక్కన చిన్న కేంద్రకంగా, అంటే మైక్రోన్యూక్లియస్‌గా మిగులుతుంది. రసాయనాల దెబ్బ కొలవడానికి ప్రయోగశాలల్లో ఈ మైక్రోన్యూక్లియస్‌లనే లెక్కపెడతారు. కనుక తెగిన ముక్కను పట్టుకోవాల్సింది జీ2. జీ2 పది ఇరవైని వదిలేస్తుందని ఇందాక చూశాం. మరి వాటి గతేమిటి?

దీనికి జవాబు గత పదిహేనేళ్లలో వచ్చింది. ఈ విషయమంతటిలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచేదీ ఇదే. తల్లి కణంలో మిగిలిన లోపాన్ని పిల్ల కణాల జీ1 పట్టుకుంటుంది. నకలు పూర్తికాని చోట్లు విభజన దాటి వస్తే, పిల్ల కేంద్రకాల్లో ఆ చోట్లలో 53బీపీ1 అనే ప్రొటీన్ గుంపులుగా చేరి కాపాడుతుందని 2011లో చూశారు. తల్లి చక్రంలో తగిలిన దెబ్బలనుబట్టి పిల్లల్లో పీ21 పెరుగుతుందని, వాటిలో కొన్ని ముందుకు సాగక ఆగిపోతాయని 2017లో తేలింది. దెబ్బే కాదు, ఆలస్యం కూడా గుర్తుంటుంది. 2010లో ఉయెటాకే, స్లూడర్ అనే పరిశోధకులు మనిషి కణాల్లో విభజన తొలి భాగాన్ని గంటన్నరకు మించి సాగదీశారు. ఆ తర్వాత క్రోమోజోములు ఒక్కటీ తప్పకుండా సరిగ్గా పంచుకున్నా, పుట్టిన పిల్ల కణాలు మళ్లీ విభజన చెందలేదు. ఎం దశలో గడిచిన సమయాన్ని 53బీపీ1, యూఎస్‌పీ28, పీ53 కలిసి లెక్కగడతాయి. ఆ జ్ఞాపకం తరాలు దాటుతుందని 2024లో వచ్చిన పరిశోధన చెప్పింది. విభజనలో తడబడిన కణం, తడబాటు సర్దుకున్నా సరే, దాని వంశాన్ని శరీరం అనుమానంతోనే చూస్తుంది.

అలా ఆగిపోవడం కణానికి కొత్తేమీ కాదు. పత్తికాయలో ఒక్కో దూదిపోగు ఒక్కటే కణం. పూసిన రోజుల్లో గింజ పైపొరలోని కణం విభజన మాని, రెండున్నర మూడు సెంటీమీటర్ల పొడవు సాగుతుంది. మార్కెట్లో పింజ పొడవు అని కొలిచేది అలా ఆగిన కణాన్నే.

కాపలా పోయినప్పుడు

ఇన్ని తనిఖీలు సరిగ్గా ఉన్నా, ప్రయోగశాలలో పెంచే మామూలు మనిషి కణం వంద విభజనలకు ఒక క్రోమోజోమును తప్పు పక్కకు పంపుతుంది. అస్థిరమైన క్యాన్సర్ కణాల్లో ఆ తప్పు ఒకటి నుంచి అయిదు విభజనలకు ఒకసారి వస్తుంది. ఘనకణతుల్లో నూటికి 90 దాకా క్రోమోజోముల సంఖ్య తప్పినవే. మొత్తం క్యాన్సర్లలో దాదాపు సగంలో పీ53 జన్యువే పాడై ఉంటుంది. ఏనుగుకు అంత పెద్ద ఒళ్లుండీ క్యాన్సర్ అరుదు. దాని జన్యురాశిలో పీ53 ప్రతులు 20 ఉన్నాయని 2015లో కనుక్కున్నారు. మనకున్నది ఒకటే.

క్యాన్సర్ మందుల్లో చాలావాటికి ఈ తనిఖీలే ఆధారం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ డీఎన్‌ఏకు కావలసిన సరుకు అందనివ్వదు, కణం ఎస్‌లో ఇరుక్కుంటుంది. ఆ మందును 16 మంది లుకేమియా పిల్లలకు ఇస్తే 10 మందిలో గుణం కనిపించిందని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రచురించారు. అంతకుముందు ఆ పిల్లలకు చేయగలిగిందేమీ లేదు. మన ఇళ్ల ముందు ఏ పోషణా లేకుండా పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ కోల్చిసిన్ లాగే దారాలు కట్టుకోనివ్వదు, ఎం తనిఖీ కణాన్ని పట్టి ఉంచుతుంది. గంటల తరబడి ఆగిన కణం చావొచ్చు. లేదా ఎదురుచూసి చూసి, విడిపోకుండానే 92 క్రోమోజోములతో బయటికి జారిపోవచ్చు. అలా జారిన కణాన్ని తర్వాతి జీ1లో పీ53 ఆపాలి. పీ53 లేని క్యాన్సర్ కణం అయితే ఆ 92తోనే మళ్లీ నకలు మొదలుపెడుతుంది. ఒక కాపలా తప్పితే ఇంకొకటి అందుకోవడమనే ఏర్పాటు ఎంత అవసరమో అక్కడ తెలుస్తుంది.

ఇక రావు, జాన్సన్ వాడిన హీలా కణాల సంగతి. అవి హెన్రియెటా లాక్స్ అనే అమెరికన్ నల్లజాతి మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి 1951లో, ఆమె అనుమతి అడగకుండా తీసినవి. ఆ క్యాన్సర్‌కు కారణం హెచ్‌పీవీ వైరస్ 18వ రకం. ఆ వైరస్ తయారుచేసే ఈ6 ప్రొటీన్ పీ53ను నాశనం చేయిస్తుంది. ఈ7 ప్రొటీన్ జీ1 చివర కాపలా కాసే ఆర్‌బీని పనిచేయనివ్వదు. అంటే జీ1 తనిఖీ పోయిన కణాల్లోనే, జీ2 ఇంకా ఎంత ఓపికగా ఆగుతుందో ఆ 1970 ప్రయోగం చూపించింది. జీ1 పోయిన క్యాన్సర్ కణాలు జీ2 మీదే బతుకుతాయి కనుక ఆ మిగిలిన ఒక్కదాన్నీ తీసేస్తే చస్తాయన్న ఆలోచనతో ఇప్పుడు వీ1, సీహెచ్‌కే1 ఎంజైములను అడ్డుకునే మందులను రోగుల మీద పరీక్షిస్తున్నారు.

మన దేశంలో ఏటా లక్షా 20 వేలకు పైగా ఆడవాళ్లకు ఈ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తోంది, 75 వేలకు పైగా చనిపోతున్నారు. చేలల్లో కూలికి వెళ్లే ఆడవాళ్లు రక్తస్రావం మొదలయ్యాక, నొప్పి భరించలేనంత అయ్యాక గానీ ఆసుపత్రి మెట్లు ఎక్కరు. హెచ్‌పీవీ 16, 18 రకాలే నూటికి 70 కేసులకు కారణం. ఆ రెండు రకాలనూ అడ్డుకునే టీకా మన దేశంలోనే తయారై 2022లో అనుమతి పొందింది. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, వైరస్ సోకే వయసు రాకముందే, వేయించాలి. 20 ఏళ్లలోపు వారికి ఒక్క డోసు ఇచ్చినా సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో చెప్పింది. ఆ టీకా పడిన పిల్ల గర్భాశయ ముఖద్వార కణాల్లోకి ఆ రెండు రకాల ఈ6 ప్రొటీన్ అడుగుపెట్టదు. పీ53 ఎప్పటికప్పుడు పుడుతూ పోతూ, దెబ్బ తగిలిన రోజున నిలిచి ఉంటుంది.